చెప్పుల సైజు తొమ్మిదిన్నర

మేం డాలస్‌కి ఉత్తరాన ఇల్లు కొనాలని తిరుగుతున్న రోజులవి. ఒక రాత్రి పాప నిద్రపోయాక మావారు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి "ఇది చూడు" అన్నారు. లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్ల అడ్రసులు చూపే మ్యాప్ మీద, మేం మనసు పడ్డ ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక గుర్తు ఉంది. నొక్కితే ఒక మనిషి ఫొటో, పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా అడ్రసు, ఎత్తు, బరువు, కళ్ల రంగు, చేసిన నేరం, ఆ నేరానికి బలైన పిల్ల వయసు. వీటి మధ్య షూ సైజు. తొమ్మిదిన్నర.

అప్పుడు మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చి మా దగ్గరే ఉన్నారు. కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, "చెప్పుల సైజు కూడా రాశారా? దేనికమ్మా, కొనిపెడతారా?" అన్నారు. ముగ్గురం నవ్వాం. కాసేపటికి ఆవిడే మళ్లీ ఆ పిల్ల వయసు ఉన్న చోట వేలు పెట్టి, "మన బుజ్జిది కంటే ఒక ఏడు చిన్నది" అన్నారు. ఇక ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇల్లు మేం కొనలేదు.

మర్నాడు మా రియల్టర్‌కి ఫోన్ చేశాను. ఆయనా తెలుగాయనే. "ఇలాంటిది ముందే చెప్పాలి కదండీ" అని గట్టిగానే అడిగాను. "అది చెప్పే బాధ్యత మాకు లేదండీ, చట్టంలోనే ఉంది. మీరే చూసుకోవాలి" అన్నాడు. ఒళ్లు మండింది. తర్వాత చదివితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. టెక్సాస్‌లో ఇల్లు అమ్మేవాళ్లకి గానీ, అద్దెకిచ్చేవాళ్లకి గానీ, వాళ్ల బ్రోకర్‌కి గానీ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఉన్నారని చెప్పాల్సిన పని లేదు. జాబితా అందరికీ తెరిచే ఉంది కదా, వెతుక్కోవడం కొనేవాళ్ల పని.

ఆ జాబితా నడిపేది డీపీఎస్, అంటే మనం డ్రైవింగ్ లైసెన్సు కోసం పొద్దున్నే పోయి లైన్లో నిలబడే శాఖ. 1970 సెప్టెంబర్ 1 తర్వాత చట్టంలో రాసిన లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లంతా ఇందులోకి వస్తారు. తీర్పు రాయకుండా గడువు పెట్టి, నిఘా మీద వదిలిన కేసులు కూడా లెక్కే. కొత్త ఊరికి చేరితే ఏడు రోజుల్లోపు అక్కడి పోలీసు స్టేషన్‌కి, ఊరి పొలిమేర దాటి ఉంటే షెరిఫ్ ఆఫీసుకి, స్వయంగా వెళ్లి నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారాలనుకుంటే వారం ముందే చెప్పాలి. మామూలుగా ఏడాదికోసారి, కొందరు మూడు నెలలకోసారి వెళ్లి వివరాలు సరిచూపించుకోవాలి. కొన్ని నేరాలకు శిక్ష ముగిశాక పదేళ్లు, తీవ్రమైనవాటికి చచ్చేదాకా. ఎగ్గొడితే అదే ఇంకో నేరమై జైలుకు పంపుతుంది. ప్రమాదం ఎక్కువ అని తేల్చినవాళ్లయితే, చుట్టూ మూడు బ్లాకుల ఇళ్లకు డీపీఎస్ పోస్టులో నోటీసు పంపుతుంది. వెతకడానికి పైసా ఖర్చు లేదు. పేరుతో వెతకొచ్చు, జిప్ కోడ్‌తో వెతకొచ్చు, మ్యాప్ మీదా చూడొచ్చు.

పైసా ఖర్చు లేకపోవడమే నా కొంప ముంచింది.

మొదట చుట్టుపక్కల వీధులు చూశాను. తర్వాత పాప స్విమ్మింగ్ కోచ్ పేరు కొట్టాను. ఆ తర్వాత స్కూల్ బస్సు డ్రైవరు, పక్కింటివాళ్ల తమ్ముడు, ఎలుకల మందు పెట్టడానికి వచ్చిన కుర్రాడు. ఆ జాబితాలో లేకపోతే కౌంటీ కోర్టు సైటుకి వెళ్లేదాన్ని. అక్కడ పేరు కొడితే క్రిమినల్ కేసులే కాదు, సివిల్ దావాలు, ట్రాఫిక్ టికెట్లు అన్నీ వస్తాయి. ఒక్కో కౌంటీకి ఒక్కో సైటు, ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు. అదీ చాలకపోతే డీపీఎస్ వాళ్లదే శిక్షల రికార్డు వేరే ఉంది, ఖాతా తెరిచి డబ్బు కట్టి చూడాలి. అది టెక్సాస్ వరకే. నెవాడాలో జరిగింది దానికి తెలియదు.

ఇవన్నీ పేరును బట్టి వెతికేవి. అక్కడే మనవాళ్ల సంగతి వస్తుంది. మన పేరు ఇంటిపేరుతో మొదలై, పాస్‌పోర్టులో తలకిందులై, వీసాలో ఒక గడి ఖాళీ అయితే ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడి, ఆఫీసులో ఇంకోలా, క్రెడిట్ కార్డు మీద ఇంకోలా తిరుగుతుంది. లక్ష్మిని ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ మూడూ పెట్టి రాస్తారు. శ్రీనివాస్ రెడ్డి అని కొడితే ఎంతమంది వస్తారో మీరే ఊహించండి. అందుకే పబ్లిక్ స్కూళ్లలో టీచర్లకు వేలిముద్రలు తీసుకుంటారు. వేలిముద్రకు స్పెల్లింగ్ ఉండదు. నాలాంటిది రాత్రి పదకొండింటికి సోఫాలో కూర్చుని పేరు కొట్టి "ఏమీ రాలేదు, హమ్మయ్య" అనుకోవడానికి అర్థం ఏమీ లేదు.

అలా వెతుకుతుంటే ఒకసారి మాకు బాగా తెలిసిన దంపతుల విడాకుల ఫైలు వచ్చింది. నేను వెతికింది వాళ్లను కాదు, పేరు కలిసింది. విడిపోతున్నట్టు వాళ్లింకా ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం పాట్‌లక్‌లో ఆవిడ నా ప్లేటులో గుత్తివంకాయ వేస్తూ "కొంచెం కారం ఎక్కువైందేమో" అంటుంటే తలెత్తి చూడలేకపోయాను. ఆ రాత్రే బ్రౌజర్‌లో బుక్‌మార్కులన్నీ తీసేశాను.

అయినా ఈ జాబితాలు పుట్టిన కథలు చదివితే వాటిని కొట్టిపారేయడం తల్లిగా నాకు చేతకాదు. 1989 అక్టోబర్‌లో మిన్నెసోటాలోని సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊళ్లో, సైకిలు మీద ఇంటికొస్తున్న పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్‌ని ముసుగు మనిషి ఎత్తుకుపోయాడు. ఇలాంటి పాత నేరస్థులు ఆ చుట్టుపక్కల ఎవరున్నారో చెప్పే జాబితా పోలీసుల దగ్గర లేదు. ఆ పిల్లాడి పేరు మీద 1994లో ఫెడరల్ చట్టం వచ్చింది, ప్రతి రాష్ట్రమూ జాబితా పెట్టాలని. అప్పటికి ఆ ఆలోచన ముఖ్యంగా పోలీసుల అవసరానికి. అదే ఏడాది జూలైలో న్యూజెర్సీలో ఏడేళ్ల మేగన్ కాంకాని ఎదురింటివాడు కుక్కపిల్లను చూపిస్తానని పిలిచి చంపేశాడు. వాడికి అంతకుముందే రెండుసార్లు శిక్ష పడింది. ఆ వీధిలో పిల్లల తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు. "తెలిసుంటే పంపేవాళ్లమా?" అని మేగన్ తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. 1996 మేలో క్లింటన్ సంతకంతో ఆ వివరాలు జనానికి చెప్పాలన్న చట్టం దేశమంతటికీ వచ్చింది. పోలీసుల బీరువాలో ఉండాల్సిన కాగితం అలా వీధిలోకి వచ్చింది.

2003లో నార్త్ డకోటాలో డ్రూ షోడిన్ అనే కాలేజీ అమ్మాయిని ఎత్తుకుపోయి చంపినవాడు పక్క రాష్ట్రం జాబితాలో ఉన్నవాడే. రాష్ట్రాల జాబితాలన్నీ ఒకే చోట వెతికే జాతీయ సైటుకి ఇప్పుడు ఆ అమ్మాయి పేరే. పేర్లు ప్రకటించడం శిక్ష కిందికి రాదని, అది సమాచారమేనని సుప్రీంకోర్టు కూడా 2003లోనే తేల్చింది. ఆ తీర్పు నాకు మింగుడుపడదు. బతికున్నంతకాలం ఫొటో, అడ్రసు, చెప్పుల సైజుతో సహా వేలాడదీయడం శిక్ష కాకపోతే ఇంకేమిటి? శిక్షే. కొందరికి తగిన శిక్ష కూడా. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది, ఒప్పుకుంటే పోలా?

నా గొడవ వేరే. ఆ మ్యాప్ నన్ను చూడమన్న వైపు ఒకటి, ప్రమాదం ఉన్న వైపు ఇంకొకటి.

అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం 2000లో ఒక లెక్క వేసింది. పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో పిల్లల మీద చేయి వేసినవాళ్లలో 34 శాతం ఇంట్లోవాళ్లు, 59 శాతం తెలిసినవాళ్లు. బొత్తిగా ముక్కూమొహం తెలియనివాళ్లు 7 శాతం. మన దేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఏటా వేసే లెక్కల్లో కూడా పిల్లలపై అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్లే. మేగన్ ఎదురింటివాడు కూడా ఒక రకంగా తెలిసినవాడే, కాబట్టి మ్యాప్ దండగ అని నేను అనను. కానీ జాబితాలోకి ఎక్కాలంటే ముందు పిల్ల నోరు విప్పాలి, తల్లి నమ్మాలి, ఫిర్యాదు చేయాలి, కోర్టులో నిలబడాలి, శిక్ష పడాలి. ఇన్ని మెట్లు ఎక్కినవాడి గుర్తే మ్యాప్ మీద ఉంటుంది. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు?

ఇది అత్తయ్యతో అంటే ఆవిడ చాలాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. తర్వాత, "మా చిన్నప్పుడు ఊళ్లో ట్యూషన్ మాస్టారు ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టారు. లెక్కలు బాగా చెప్పేవాడట. ఆడపిల్లల్ని ఆయన దగ్గరికి ఒంటరిగా పంపకూడదని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసట. "ఇద్దరు కలిసి వెళ్లండి, తలుపు దగ్గర కూర్చోండి" అని చెప్పి పంపేవాళ్లట.

"మరి మాన్పించలేదా అత్తయ్యా?"

"లెక్కలు ఎవరు చెబుతారు?"

"మగవాళ్లకు తెలియదా?"

"తెలిస్తే గొడవవుతుందని చెప్పేవాళ్లం కాదు. ఆయన పోయినప్పుడు ఊరంతా వెళ్లింది. నేనూ వెళ్లాను."

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. అంటే మనకూ జాబితా ఉంది. ఆడవాళ్ల నోళ్లలో ఉంది, పెరటి గోడల మీదుగా నడుస్తుంది, దానికి కాగితం లేదు, పోలీసు లేడు. వాడిని ఆపడానికి కాదు, పిల్లలే తప్పుకుని తిరగడానికి. కొత్తగా ఊళ్లోకి కాపురానికి వచ్చిన తల్లికి ఆ సంగతి ఎవరైనా చెబితే చెప్పినట్టు, లేకపోతే లేదు.

టెక్సాస్ పద్ధతికి, తెనాలి పద్ధతికి మధ్య ఏదో ఒకటి ఉండాలని నాకు అప్పటినుంచీ అనిపిస్తోంది. అది ఎక్కడుందో మా పిన్ని కూతురు చెప్పింది. తను లెస్టర్‌లో ఉంటుంది. ఇంగ్లండ్‌లో కూడా 1997 నుంచి ఇలాంటి రిజిస్టరు ఉంది, కానీ జనానికి కనబడదు. 2000 వేసవిలో ఎనిమిదేళ్ల సారా పేన్ హత్య జరిగాక ఒక పత్రిక నేరస్థుల పేర్లు, ఫొటోలు అచ్చువేయడం మొదలుపెట్టింది. పోర్ట్‌స్మత్‌లో జనం ఇళ్ల మీద పడ్డారు. వేల్స్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఇంటి తలుపు మీద తిట్టు రాసిపోయారు. పిల్లల వైద్యుల్ని అనే ఇంగ్లీషు మాటా, పిల్లలపై కన్నేసేవాణ్ని అనే మాటా ఒకేలా మొదలవుతాయి, అంతే ఆవిడ చేసిన తప్పు. జనం చేతికి జాబితా వస్తే ఎంత చదువుతారో దాన్ని బట్టి తెలుస్తుంది.

చివరికి అక్కడ తెచ్చింది ఏమిటంటే, అడిగే హక్కు. నా బిడ్డ దగ్గరికి వస్తూపోతూ ఉండే ఫలానా మనిషి గురించి నాకు అనుమానం ఉంది, చూడండి అని పోలీసుల్ని అడగొచ్చు. వాళ్లు విచారించి, నిజంగా భయపడాల్సింది ఉంటే ఆ బిడ్డను కాపాడగలిగే స్థానంలో ఉన్నవాళ్లకు మాత్రం చెబుతారు. విన్నవాళ్లు దాన్ని నలుగురిలో పెట్టకూడదు. 2008లో కొన్నిచోట్ల మొదలై, 2011 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా వచ్చింది. "ఆ నాలుగు వీధుల అవతల ఎవరున్నారు?" అని కాదు, "మా ఇంటికొచ్చే ఈయన ఎవరు?" అని అడగాలి. లెక్కలు చూపించే వైపు తిరిగి అడిగే ప్రశ్న అది.

అమెరికాలో మ్యాప్ వల్ల ఏం ఒరిగిందని చూసినవాళ్లు ఉన్నారు. 2011లో ప్రెస్కాట్, రాకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 15 రాష్ట్రాల నేరాల లెక్కలు తీశారు. పోలీసుల దగ్గర పేరు నమోదు కావడం వల్ల నేరాలు తగ్గుతున్నట్టు కనబడింది, ముఖ్యంగా తెలిసినవాళ్ల మీద జరిగేవి. అదే పేర్లు జనానికి చాటినప్పుడు మాత్రం, జాబితాలో ఉన్నవాడు మళ్లీ నేరం వైపు పోయే అవకాశం పెరుగుతున్నట్టు తేలింది. ఇల్లు దొరకదు, పని దొరకదు, పోగొట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు. మయామీలో పిల్లలు తిరిగే చోట్లకు 2,500 అడుగుల దూరంలో ఉండాలని నిబంధన పెడితే, వాళ్లు పోయి సముద్రం మీద వంతెన కింద గుడారాలు వేసుకుని మూడేళ్లు బతికారు. 2006లో మెయిన్ రాష్ట్రంలో ఒకడు ఈ సైటులోనే అడ్రసులు చూసుకుని వెళ్లి ఇద్దర్ని కాల్చి చంపాడు. చచ్చిపోయినవాళ్లలో ఒకడి నేరం, తనకు పంతొమ్మిదేళ్లప్పుడు పదహారు నిండబోతున్న గర్ల్‌ఫ్రెండ్‌తో ఉండటం. జేకబ్ వాళ్లమ్మ ప్యాటీ వెటర్లింగ్, తన కొడుకు పేరు మీద చట్టం తెచ్చిన మనిషి, తర్వాత తర్వాత ఆవిడే ఈ జాబితాలు ఇంతలా పెరగడం గురించి, చిన్న వయసు పిల్లల్ని కూడా అందులో చేర్చడం గురించి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. ఆవిడ కన్నా ఎక్కువ హక్కు నాకు లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన రాష్ట్రాల్లో ఏదైనా ఘోరం జరిగిన ప్రతిసారీ మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో "అమెరికాలోలా పేర్లు, ఫొటోలు నెట్‌లో పెట్టాలి" అని ఒకటే పోరు. నన్నే సాక్ష్యానికి పిలుస్తారు: "నువ్వు అక్కడే ఉన్నావు కదా, చెప్పు." నేను చెప్పేది వాళ్లకు నచ్చదు.

కేంద్రం జాబితా ఒకటి ఉంది. 2018 సెప్టెంబర్ 20న మొదలైంది, ఎన్‌సీఆర్‌బీ నడుపుతుంది, మొదలైనప్పుడే సుమారు 4.4 లక్షల ఎంట్రీలు. పోలీసులే చూడగలరు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన దిశ బిల్లులో రాష్ట్రానికి సొంత జాబితా ఉంటుందని, దాన్ని జనానికీ చూపిస్తామని చెప్పారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, బిల్లు చట్టం కాలేదు. ఆ ఒక్క అంశం వరకు నాకు బాధ లేదు. ఆ బిల్లుకు కొద్ది రోజుల ముందే షాద్‌నగర్ దగ్గర దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే, జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత రాసింది. పూలు చల్లిన చేతులకే ఇంటి నంబర్లున్న మ్యాప్ ఇస్తే ఏమవుతుంది? మన దగ్గర ఆ ఇంట్లో వాడొక్కడే ఉండడు. తల్లి ఉంటుంది, పెళ్లికావాల్సిన చెల్లెలుంటుంది. నేరం చేసింది తండ్రో మేనమామో అయితే, అదే ఇంట్లో ఆ పిల్లే ఉంటుంది. వాడి పేరు వేస్తే ఆ పిల్ల పేరు వేసినట్టే. పోక్సో చట్టం పిల్ల ఎవరో బయటపడకూడదని అంత గట్టిగా చెబుతుంటే మనం దొడ్డిదారిన చెప్పినట్టవుతుంది. ఎఫ్‌ఐఆర్‌లు నెట్‌లో పెట్టాలని 2016లో చెప్పినప్పుడు సుప్రీంకోర్టు లైంగిక నేరాలవి మినహాయించింది కూడా ఇలాంటి భయంతోనే అనుకుంటాను.

మరి ఉన్న చట్టంతో ఏం చేస్తున్నాం? 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం స్కూళ్లు, క్రెష్‌లు, ఆటల అకాడమీలు, పిల్లలతో పని ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బంది అందరికీ, టీచరైనా ఆయా అయినా, ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. ఇది మ్యాప్ కన్నా వందరెట్లు పనికొచ్చే నియమం. 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఎల్‌కేజీ పిల్ల మీద అఘాయిత్యం చేసింది ఎవరో దారినపోయే దానయ్య కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. రోజూ ఆ ఆవరణలోనే ఉండేవాడు. వెరిఫికేషన్ ఒక్కటే అన్నిటినీ ఆపుతుందని కాదు, కొత్తగా నేరం చేసేవాడికి పాత రికార్డు ఉండదు. కానీ డ్రైవరు పిల్లల దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడు, ఏ గదికి ఎవరు వెళ్లొచ్చు అని అడిగే అలవాటు వెరిఫికేషన్‌తోనే మొదలవుతుంది.

మా చెల్లెలు హైదరాబాద్‌లో వాళ్లబ్బాయి స్కూల్లో అడిగింది, వ్యాను డ్రైవరు వెరిఫికేషన్ కాగితం చూపించమని. "అన్నీ చేయించామండీ" అన్నారు. "చూపిస్తారా?" అంటే "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అన్నారు. రెండో మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెయ్యి మందికి పైగా పిల్లలున్న స్కూల్లో ఒక్క తల్లీతండ్రీ అడగలేదు.

ఇలా దాన్ని మెచ్చుకుంటూ ఫోన్లో మాట్లాడుతుంటే మావారు పక్కనుంచి, "మరి నువ్వు సంగీతం మాస్టారిని అడిగావా?" అన్నారు.

అడగలేదు. నాలుగు వీధుల అవతలివాడి షూ సైజు తెలుసుకున్నదాన్ని, పాపను రెండేళ్లుగా వారానికోసారి ముప్పావుగంట ఒక గరాజ్‌లో వదిలి వెళ్లి కాస్ట్‌కోలో పాలు, అరటిపళ్లు తెచ్చుకుంటున్నాను. ఆయన నిక్షేపంలాంటి మనిషి. అందరూ ఆ మాటే అంటారు. అత్తయ్య వాళ్ల ఊళ్లో మాస్టారు లెక్కలు బాగా చెప్పేవాడు. అడిగితే ఆయన ఏమనుకుంటారు, నలుగురూ ఏమనుకుంటారు, ఉగాది కార్యక్రమంలో పాప పాట ఏమవుతుంది? స్విమ్మింగ్ కోచ్ పేరు సైటులో కొట్టడానికి నాకు ఇన్ని ప్రశ్నలు రాలేదు. ఆయన మనవాడు కాదు కదా.

మూడు రోజులు రాసి చెరిపి, చివరికి మెసేజ్ పెట్టాను. "నమస్కారమండీ మాస్టారూ, మీ మీద అనుమానంతో కాదు. పాప క్లాసు జరిగినంతసేపు తలుపు తెరిచి ఉంచగలరా? నేనో మావారో అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాం. ఈ మాట ప్రతి క్లాసులోనూ అడుగుతున్నాం." చివరి వాక్యం అబద్ధం. అప్పటికి ఎక్కడా అడగలేదు.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. అత్తయ్య ఫోన్ చేసినప్పుడు చెబితే "మంచిపని చేశావు" అని, కాసేపాగి, "పాపం, ఆయన ఎంత బాధపడ్డాడో" అన్నారు. రెండూ ఆవిడ మనసులోంచి వచ్చినవే.

మూడోరోజు సాయంత్రం జవాబు వచ్చింది. "అలాగేనమ్మా. గరాజ్ తలుపు సగం పైకి లేపి ఉంచుతాను. దోమలు వస్తాయి మరి, పాపకి ఫుల్ చేతుల డ్రెస్ వేసి పంపండి."